ఎకో నార్మల్, టీఎంటీ పాజిటివ్: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 54 సంవత్సరాలు. ఆరేళ్లుగా బీపీకి మందులు వాడుతున్నాను, షుగరు లేదు. ఈ మధ్య పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తున్నదని డాక్టరుకు చూపించుకుంటే ఎకో (గుండె స్కానింగు), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) పరీక్షలు చేయించారు. ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 60 శాతం, ఆర్‌డబ్ల్యూఎంఏ లేదు, మైల్డ్ ఎల్‌వీహెచ్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ట్రివియల్ ఎంఆర్’ అని ఉంది. టీఎంటీలో 6 నిమిషాల 40 సెకన్లు నడిచాను, గుండె వేగం 148 వరకు వెళ్లింది. ఛాతీలో నొప్పి రాలేదు కానీ కాళ్లు లాగుతుంటే ఆపమన్నాను. ‘8 మెట్స్, వీ4 నుంచి వీ6 వరకు 1.5 మిల్లీమీటర్ల ఎస్‌టీ డిప్రెషన్, పాజిటివ్’ అని రాశారు. ఒక పరీక్ష బాగుందంటుంటే ఇంకొకటి బాగాలేదంటున్నది. ఏది నమ్మాలి? యాంజియోగ్రామ్ తప్పదా? రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాను, మానేయాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండింటినీ నమ్మవచ్చునమ్మా. అవి ఒకదానినొకటి కాదనడం లేదు, ఎందుకంటే రెండూ అడిగే ప్రశ్నలు వేరు. మన ప్రాంతంలో బోరు మోటారు సంగతి తెలియని ఇల్లు ఉండదు కాబట్టి దానితోనే చెబుతాను. మోటారు విప్పి చూస్తే అన్నీ సక్రమంగానే ఉండవచ్చు, వాల్వులు సరిగ్గా మూసుకుంటూ ఉండవచ్చు. అయినా లోడు పడ్డప్పుడు దానికి చాలినంత కరెంటు అందుతున్నదా లేదా అన్నది నడిపి చూస్తే తప్ప తెలియదు. ఎకో చూసేది మోటారును, టీఎంటీ పరీక్షించేది దానికి అందే సరఫరాను. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం సగానికి పైగా పూడినా, మీరు మంచం మీద పడుకుని ఎకో తీయించుకునే వేళ ఆ కాస్త రక్తం సరిపోతుంది కాబట్టి కండరం మామూలుగానే కదులుతుంది.

మీ ఎకోలో ఈఎఫ్ అంటే ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుడుకు ఎంత భాగం బయటికి వెళ్తున్నదో చెప్పే అంకె. ఆరోగ్యవంతుల్లో కూడా అది నూటికి నూరు ఉండదు. సుమారు 55 నుంచి 70 వరకు ఉంటే మామూలే. కనుక 60 శాతం అంటే గుండె నలభై శాతం పాడైందని ఎంతమాత్రం కాదు, ఈ అపోహతో కన్నీళ్లు పెట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. ఆర్‌డబ్ల్యూఎంఏ లేదంటే గోడలో ఏ భాగమూ కదలిక తగ్గి లేదని, అంటే పాత గుండెపోటు మచ్చ కనబడలేదని అర్థం. ఎల్‌వీహెచ్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ రెండూ మీ బీపీ కథనే చెబుతున్నాయి: ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా పనిచేసి గోడ కొద్దిగా మందమైంది, కొట్టుకున్న తరువాత వదులు కావడానికి కాస్త ఆలస్యమవుతున్నది. వయసుతో కూడా ఇది వస్తుంది. దీనికి ప్రధానమైన వైద్యం బీపీని అదుపులో పెట్టడమే. ట్రివియల్ ఎంఆర్, అంటే మైట్రల్ వాల్వు నుంచి అతి కొద్దిగా రక్తం వెనక్కి కారడం, చాలామంది ఆరోగ్యవంతుల్లోనూ కనబడేదే, దానిని మరచిపోండి.

టీఎంటీ దగ్గర కొంచెం ఆగాలి. సాధారణంగా వాడే బ్రూస్ పద్ధతిలో మూడేసి నిమిషాలకు ఒకసారి వేగమూ వాలూ పెరుగుతాయి. మొదటి మెట్టులో గంటకు 2.7 కిలోమీటర్లు, రెండవదానిలో 4, మూడవదానిలో సుమారు 5.5. మీరు మూడవ మెట్టులో అడుగుపెట్టారు. 220 నుంచి వయసు తీసివేస్తే మీకు 166 వస్తుంది, అందులో 85 శాతం అంటే 141 దాటితే పరీక్ష చాలినంత బలంగా జరిగినట్లు లెక్క. మీరు 148 చేరారు. ఎస్‌టీ గీత అంటే ఈసీజీలో గుండె ఒక్కో కొట్టుడు తరువాత వచ్చే చిన్న భాగం, వీ4 నుంచి వీ6 అంటే ఛాతీకి ఎడమవైపు అంటించిన తీగలు. ఆ గీత 1 మిల్లీమీటరు, అంతకంటే ఎక్కువ అడ్డంగా గానీ కిందికి వాలి గానీ దిగితే పాజిటివ్ అంటారు. అయితే ఆ ఒక్క మాటతో తీర్పు రాయకూడదు. డ్యూక్ స్కోరు అనే లెక్క ఉంది: నడిచిన నిమిషాలలో నుంచి ఎస్‌టీ మిల్లీమీటర్లకు అయిదు రెట్లు, నొప్పి వస్తే దాని తీవ్రతను బట్టి 4 లేదా 8 తీసివేయాలి. మీకు 6.7లో 7.5 పోతే మైనస్ 0.8 వస్తుంది. 5, ఆ పైన ఉంటే ముప్పు తక్కువ. మైనస్ 11, అంతకంటే కిందికి పోతే ఎక్కువ. మీరు మధ్యలో ఉన్నారు.

పైగా స్త్రీలలోనూ, గుండె గోడ మందమైనవారిలోనూ నాళాల్లో పూడిక లేకుండానే టీఎంటీ పాజిటివ్ రావడం ఎక్కువ. మీలో ఈ రెండూ ఉన్నాయి. అలాగని ఇది ఉత్త తప్పుడు ఫలితమని కొట్టిపారేయలేము. మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూడా మీలో ఉన్నది. అందువల్ల నేరుగా యాంజియోగ్రామ్‌కు వెళ్లే ముందు సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (గుండెలోకి గొట్టం పంపకుండా స్కానింగుతో నాళాలను చూసేది) గానీ స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ కలిగించి తీసే ఎకో) గానీ సరిపోతుందా అని మీ డాక్టరును అడగండి. నా ఉద్దేశంలో మీ వంటివారికి అదే సరైన తదుపరి అడుగు. మొదటి మెట్టులోనే ఈసీజీ మారినా, నడుస్తుండగా బీపీ పడిపోయినా, ఆపిన తరువాత చాలా సేపటి దాకా గీత కిందనే ఉన్నా అప్పుడు మాట వేరు, ఆలస్యం చేయకుండా నేరుగా యాంజియోగ్రామ్ గురించే మాట్లాడవలసి ఉంటుంది. మీ ఉత్తరంలో బీపీ అంకెలు, గీత ఎంతసేపటికి మామూలు స్థితికి వచ్చిందన్న సంగతి లేవు. అవి ఈసీజీ కాగితాలలో ఉంటాయి. హైదరాబాద్‌లో మరొకరికి చూపించుకున్నా సరే, చివరి పేజీ ఒక్కటే కాకుండా ఆ కాగితాలన్నీ వెంట తీసుకువెళ్లండి. పరీక్ష రోజు ఉదయం ఏ బీపీ మాత్ర వేసుకున్నారో కూడా చెప్పండి.

ఇక నడక. మెట్స్ అంటే ఊరికే కూర్చున్నప్పటి కంటే శరీరం ఎన్ని రెట్లు శ్రమిస్తున్నదో చెప్పే అంకె. చదునైన చెరువు కట్ట మీద మామూలు నడక 3, 4 మెట్స్ కంటే మించదు, మీరు 8 దాకా నొప్పి లేకుండా వెళ్లారు. మీ డాక్టరు వద్దనకపోతే, పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవవచ్చు. గుట్ట మెట్లు మాత్రం తదుపరి పరీక్ష అయ్యేదాకా ఎక్కకండి. బీపీ మందులను సొంతంగా ఆపకండి. కూర్చున్నప్పుడే ఛాతీలో బరువు గానీ, చెమటలతో కూడిన ఆయాసం గానీ, దవడలోకో ఎడమ చేతిలోకో పాకే నొప్పి గానీ వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కాలయాపన చేయవద్దు. రాత్రి ఏ వేళైనా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి.