అప్‌సెట్, వరీడ్, ఎజిటేటెడ్: మనసు బాగోలేదని చెప్పడానికి ఏ మాట?

మనసు బాగోలేనప్పుడు ఇంగ్లీషులో ‘అప్‌సెట్’ తప్ప ఇంకో మాట తోచదని, వరీడ్, డిస్టర్బ్డ్, ఎజిటేటెడ్ అన్నీ ఒకటేనా అని అడిగారు. ఒకటి కాదండీ. నాకు ఆ తేడా ఒక ఆసుపత్రి గదిలో తెలిసింది.

నాన్నగారికి ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి నేను పక్కనే ఉన్నాను. నర్సుకు తెలుగు రాదు. ఆయన కన్ను మూయకుండా పైకప్పు వైపు చూస్తూ పడుకున్నారు. ఏం అడిగినా ‘ఊ’ అంటున్నారు, అంతే. ఏదో దిగులు పెట్టుకున్నారని అర్థమై, నర్సుతో ‘హి ఈజ్ వెరీ ఎజిటేటెడ్’ అన్నాను. ఎజిటేషన్ అంటే ఆందోళన అని చిన్నప్పుడు కంఠతా పట్టిన అర్థం మరి. ఆవిడ చేతిలో పని వదిలేసి పరుగున వచ్చింది. ముందు సెలైన్ సూది ఊడిందేమో చూసింది, మంచం పక్క కడ్డీలు పైకెత్తింది, లేచి దిగబోయారా, ట్యూబులు పీకబోయారా అని వరసపెట్టి అడిగింది. నాన్నగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పుడు నిదానంగా చెప్పాను, ఆయన కదలనే లేదు, ఏదో ఆలోచిస్తూ బాధపడుతున్నారని. ‘ఓ, హి ఈజ్ వరీడ్’ అంది. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కాసేపు కూర్చుంది.

ఎజిటేటెడ్‌లో కదలిక ఉంటుంది. దాని మూలమైన లాటిన్ మాటకు అర్థమే కుదపడం, కదిలించడం. బట్టలుతికే మెషీన్‌లో నీళ్లను గిరగిరా తిప్పే భాగాన్ని ఎజిటేటర్ అంటారు. మన ‘ఆందోళన’ కూడా సంస్కృతంలో ఊగడమే, రెండు భాషల్లోనూ ఆ మాటను ఉద్యమాలకు కూడా వాడతాం. ఇంత దగ్గరి చుట్టాలు కాబట్టే నేను పొరబడ్డాను. మనం మంచంలో కదలకుండా పడుకుని కూడా ఆందోళన పడతాం. ఇంగ్లీషులో ఎజిటేటెడ్ అన్న మనిషి మాత్రం కుదురుగా కూర్చోలేడు. అటూ ఇటూ తిరుగుతాడు, చేతులు నలుపుకుంటాడు, గొంతు పెంచుతాడు. చూసేవాళ్లకు ఆ అలజడి కనిపిస్తుంది. డాక్టర్లు, నర్సులు ఆ మాటను ఇలాగే అర్థం చేసుకుంటారు కనుక అక్కడ మరీ జాగ్రత్త.

అప్‌సెట్ చాలావరకు జరిగిపోయిన దాని గురించి. పడవ తిరగబడితే కూడా ఇదే మాట వాడతారు, మనసూ అలాగే తలకిందులైందన్నమాట. వరీడ్, యాంక్షస్ అయితే జరగబోయే దాని గురించి. ఈ రెండు మాటల పుట్టుక నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. పాత ఇంగ్లీషులో వరీ అంటే గొంతు నులమడం. యాంక్షస్ వచ్చిన లాటిన్ మాటకు కూడా గట్టిగా నొక్కడమనే అర్థం. దిగులుగా ఉన్నప్పుడు గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది కదా!

అప్‌సెట్ తర్వాత వచ్చే చిన్న మాటను వదిలేయకండి. ‘అప్‌సెట్ అబౌట్’ అంటే ఆ విషయానికి బాధపడ్డారని. ‘అప్‌సెట్ విత్ మి’ అంటే నా మీద కోపంగా ఉన్నారని. బాధ చెప్పబోయి నింద వేసినట్టు అవుతుంది.

డిస్టర్బ్డ్‌తో ఇంకో చిక్కు. ‘ఆ వార్త విని డిస్టర్బ్ అయ్యాను’ అనే అర్థంలో, కారణం చెబుతూ వాడితే ఇబ్బంది లేదు. కారణం లేకుండా ఒక మనిషిని ఊరికే ‘డిస్టర్బ్డ్’ అంటే మానసిక ఆరోగ్యం దెబ్బతిన్నదని అనుకుంటారు. ‘డిస్టర్బింగ్’ అన్నారంటే మీరే ఎదుటివాళ్లను కలవరపెడుతున్నారని అర్థం.

నాకు బాగా నచ్చిన మాట ‘ట్రబుల్డ్’. దీని వేరు వెతుక్కుంటూ పోతే లాటిన్‌లో కల్లోలం అనే అర్థమున్న మాట వస్తుంది. బురద నీళ్లను టర్బిడ్ అనేదీ ఆ వేరు నుంచే. మన ‘కలత’ కూడా నీళ్లు కలగడం లాంటిదే! అడుగున పేరుకున్నది కదిలి పైకి వస్తుంది, పైకి గొడవేమీ ఉండదు, లోపల మాత్రం తేట ఉండదు. ఆ రాత్రి నాన్నగారి గురించి చెప్పడానికి వరీడ్ కంటే ఇదే సరిపోయేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కంగారులో కాళ్లూ చేతులూ ఆడకపోతే ‘ఫ్లస్టర్డ్’. అయినవాళ్లు కనిపించకుండా పోతే తల్లడిల్లిపోవడం ‘డిస్ట్రాట్’, దీన్ని చిన్నవాటికి వాడకండి.

ఇక మనం రోజూ అనే రెండు మాటలు. ‘ఫీలయ్యాను’ అన్నదాన్ని ‘ఐ ఫెల్ట్’ అని వదిలేస్తే వాక్యం పూర్తి కాదు, ‘ఐ ఫెల్ట్ హర్ట్’ అనాలి. ‘టెన్షన్‌గా ఉంది’ అనడానికి పరీక్షకో ఇంటర్వ్యూకో ముందైతే ‘నెర్వస్’, పని భారమైతే ‘స్ట్రెస్డ్’ అనండి. ఇద్దరి మధ్య టెన్షన్ ఉందంటే మాత్రం వాళ్లకు పడటం లేదని అర్థం చేసుకుంటారు.