బరోలో వైన్‌ను పదేళ్ళు ఎందుకు దాచాలి? ఇప్పుడే తాగితే ఏమవుతుంది?

ఇటలీ నుంచి మీ బంధువులు తెచ్చిన 2019 నాటి బరోలో సీసా ఒకటి మీ దగ్గర ఉందనీ, దాని మీద సెర్రలుంగా దాల్బా అనే ఊరి పేరు ఉందనీ, దాన్ని ఇప్పుడే తెరవాలో పదేళ్ళు దాచాలో తేలడం లేదనీ రాశారు. అసలు ఒక వైన్‌కు అంత కాలం ఎందుకు కావాలని కూడా అడిగారు. ముందుగా సమాధానం చెప్తాను. హైదరాబాద్‌లో ఆ సీసాకు ఏడాది పొడుగునా చల్లగా ఉండే చోటు ఏర్పాటు చేయగలిగితే 2030 దాటేవరకు తెరవకండి. అది వీలుకాకపోతే దాచే ఆలోచన మానుకొని రాబోయే చలికాలంలోనే తాగండి. ఉద్యోగరీత్యా టురిన్‌లో ఉన్న రోజుల్లో నేను ఆ వైన్ పుట్టే కొండల్లో చాలా తిరిగాను. ద్రాక్ష పండించేవాళ్ళతో మాట్లాడాను, వాళ్ళ నేలమాళిగల్లో కొత్తవీ పాతవీ రుచి చూశాను. ఈ సమాధానానికి ఆ అనుభవమే ఆధారం.

బరోలో అనేది వాయవ్య ఇటలీలోని పీడ్మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి నైరుతి దిక్కున, తనారో నదికి కుడివైపున లేచిన లాంగె కొండల మీద ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరు పెట్టుకునే హక్కు మొత్తం 11 గ్రామాల తోటలకు ఉన్నా, పేరులో ఎక్కువ భాగాన్ని మోసేది బరోలో, లా మొర్రా, కస్తిల్యోనె ఫల్లెత్తో, మొన్‌ఫోర్తె దాల్బా, సెర్రలుంగా దాల్బా అనే అయిదు ఊళ్ళే. 1980లో ఈ వైన్‌కు ఇటలీలోని అత్యున్నత చట్టపరమైన గుర్తింపు వచ్చింది. 2014లో ఈ తోటల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బరోలోలో వాడేది నెబ్బియోలో అనే ఒకే ఒక్క ద్రాక్ష, మరో రకం చుక్క కూడా కలపడానికి వీల్లేదు. మీరు అడిగిన కాలం లెక్కంతా ఈ ద్రాక్ష స్వభావంలోనే ఉంది.

నెబ్బియోలో వసంతంలో చాలా రకాలకన్నా ముందే చిగురిస్తుంది, కోతకు మాత్రం దాదాపు అన్నింటికన్నా చివర, సాధారణంగా అక్టోబర్‌లో వస్తుంది. అంతసేపు ఎండ దొరకాలంటే దక్షిణానికో నైరుతికో తిరిగిన వాలే కావాలి. లోయ అడుగునా ఉత్తరపు వాలునా పండించే నెబ్బియోలోకు బరోలో పేరు పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. శీతాకాలంలో మంచు ముందుగా ఎక్కడ కరుగుతుందో చూసి అక్కడే నెబ్బియోలో నాటేవారని, మిగిలిన చోట్ల బార్బెరా, దొల్చెత్తో వంటి తొందరగా పండే రకాలు వేసేవారని అక్కడి పెద్దలు చెప్తారు. ఇప్పటికీ ఒక కొండ మీద నిలబడి చూస్తే ఆ లెక్క కంటికి కనిపిస్తుంది.

ఈ ద్రాక్షతో చేసిన వైన్‌ను గ్లాసులో పోస్తే రంగు పలుచగా, అవతలి వేలు కనిపించేంత లేతగా ఉంటుంది. బలమైన రెడ్ వైన్ అంటే ముదురు రంగులో ఉంటుందనుకునేవాళ్ళు అది చూసి నిరుత్సాహపడతారు. నోట్లో వేసుకున్నాకే దాని బలం తెలుస్తుంది. పండు తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల, కరక్కాయ నమిలినప్పుడు పట్టినట్టుగా చిగుళ్ళు వగరు పడతాయి. దానికి తోడు గట్టి పులుపు, 13 శాతానికి తగ్గకూడదని చట్టం చెప్పే, ఈ మధ్య చాలా సీసాల్లో 14 దాటుతున్న ఆల్కహాల్ ఉంటాయి. వగరూ పులుపూ రెండూ ఎక్కువగా ఉన్న వైన్ చిన్నతనంలో సుఖంగా ఉండదు. కానీ దాన్ని దశాబ్దాల పాటు పాడవకుండా నిలబెట్టేవి కూడా ఆ రెండే.

సీసాలో ఉన్న కాలంలో టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కలుస్తూ రూపం మార్చుకుంటాయి. కొంత భాగం మడ్డిగా అడుగున చేరుతుంది, మిగిలినది నాలుకకు మెత్తబడుతుంది. కెంపు రంగు తగ్గి అంచుల్లో ఇటుక రంగు మొదలవుతుంది. తాజా చెర్రీ, గులాబీ వాసనల స్థానంలో ఎండిన గులాబీ రేకులు, తారు, తోలు, పుట్టగొడుగు, అడవి నేల వాసనలు వస్తాయి. పులుపు మాత్రం పెద్దగా తగ్గదు, అందుకే ముసలి బరోలో కూడా నోట్లో చప్పబడదు. సెర్రలుంగాలో ఒక చిన్న తోటదారు ఇంట్లో 1996 నాటి సీసానూ అదే తోట నుంచి కొత్తగా విడుదలైన సీసానూ పక్కపక్కన పెట్టి పోశారు. 1996 కఠినమైన సంవత్సరమనీ, దాన్ని తొందరపడి తెరిచినవాళ్ళందరూ తిట్టుకున్నారనీ ఆయన చెప్పారు. నేను తాగినప్పుడు దానిలో వగరు లేకపోలేదు, కానీ అది వాసనల వెనక్కి వెళ్ళి వైన్‌కు వెన్నెముకలా నిలబడి ఉంది. బరోలోను దాచడం గొప్పల కోసం కాదని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

చట్టం కూడా ఈ స్వభావాన్ని గుర్తించింది. కోత జరిగిన సంవత్సరం నవంబర్ 1 నుంచి లెక్కవేసి 38 నెలలు, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచితే తప్ప బరోలోను అమ్మకూడదు. ఇంకా ఎక్కువ కాలం ఉంచినదని చెప్పే రిజెర్వా అనే మాట సీసా మీద రాయాలంటే 62 నెలలు కావాలి. కాబట్టి మీ 2019 సీసా 2023 జనవరికి ముందు అంగడికి రాలేదు. పొరుగున ఉన్న బార్బరెస్కో కూడా నెబ్బియోలోనే అయినా దానికి 26 నెలలు చాలు. సాధారణంగా అది త్వరగా మెత్తబడుతుంది.

మీ సీసా మీద ఉన్న ఊరి పేరును నేను తేలిగ్గా తీసుకోను. ఈ కొండలన్నీ ఒకప్పుడు సముద్రపు అడుగు. పడమటి వైపున లా మొర్రా, బరోలో ఊళ్ళ చుట్టూ నీలి బూడిద రంగులో ఉండే సున్నపు బంకమట్టి ఎక్కువ. అక్కడి వైన్లు సువాసనతో, కొంత మెత్తగా, కాస్త ముందుగానే తాగడానికి సిద్ధమవుతాయి. తూర్పున సెర్రలుంగా, దక్షిణాన మొన్‌ఫోర్తె వైపు మట్టి ఇంకా పాతది, గట్టిది, ఇసుకరాయి పొరలు కలిసినది. అక్కడి వైన్లు మూసుకొని, బిగుసుకొని ఉంటాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. బరోలో ఊరిలోని కన్నూబి కొండలాగా రెండు రకాల మట్టీ కలిసే చోట్లు కూడా ఉన్నాయి, చేసేవారి పనితీరూ చాలా మారుస్తుంది. అయినా ఎవరైనా ఏమీ తెలియని సీసా తెచ్చి అడిగితే నేను ముందు చూసేది ఊరినే. 2010 నుంచి తోటల పేర్లకు కూడా అధికారిక జాబితా ఉంది, సీసా మీద వాటిని చూసి వెతుక్కోవచ్చు.

చేసే పద్ధతి గురించి అక్కడ 1980లలో కుటుంబాలను చీల్చినంత తగువు నడిచింది. పాత పద్ధతిలో రసాన్ని తొక్కలతో పాటు నెల రోజులో ఇంకా ఎక్కువో నానబెట్టి, వేల లీటర్లు పట్టే పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచేవారు. పెద్ద పీపా వైన్‌కు చెక్క రుచిని దాదాపు అంటనివ్వదు, గాలిని మాత్రం అతి నెమ్మదిగా అందిస్తుంది. కొత్త తరం నానబెట్టే కాలాన్ని కొద్ది రోజులకు తగ్గించి, బరీక్ అనే 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ పీపాలు తెచ్చింది. కొత్త తరం వైన్ తయారీదారు ఎలియో ఆల్తారె తండ్రి మాటను కాదని ఇంట్లోని పాత పీపాలను మోటారు రంపంతో కోసేసిన కథ లాంగెలో అందరికీ తెలుసు. అటువైపు పాత పద్ధతి పట్టుకున్న తయారీదారు బార్తొలో మస్కరెల్లో, బరీక్ వద్దు, ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ వద్దు అని తన చేత్తోనే లేబుల్ మీద రాశారు. ఇప్పుడు ఆ వేడి చల్లారింది. చాలామంది పెద్ద పీపాల వైపే మళ్ళుతున్నారు, అయితే నేలమాళిగల శుభ్రత, తోటలో గుత్తులను తగ్గించే అలవాటు వంటి మంచి విషయాలను కొత్త తరం నుంచే తీసుకున్నారు. నా ఇష్టం పాత పద్ధతి వైపే. నెబ్బియోలో వాసన అంత సున్నితమైనది కాబట్టి, దాని మీద కొత్త చెక్క తెచ్చే వెనిలా వాసన పడటం నాకు బాధగానే అనిపిస్తుంది. మీ సీసా వెనుక పెద్ద పీపాలో ఉంచినట్టు రాసి ఉంటే ఇంకొంత ఓపిక పట్టవచ్చు.

సంవత్సరం విషయంలో మీరు అదృష్టవంతులు. 2014లో వానలు, 2003లో, 2017లో విపరీతమైన వేడి రైతులను ఇబ్బంది పెట్టాయి. 2016 లాగే 2019 కూడా పాతకాలపు వైన్లలా వగరూ పులుపూ గట్టిగా ఉన్న, దాచదగిన సంవత్సరంగా పేరు తెచ్చుకుంది.

ఇక మన ఊరి సమస్యకు వద్దాం. వైన్‌కు కావలసినది 12 నుంచి 15 డిగ్రీల మధ్య ఎక్కువగా మారని ఉష్ణోగ్రత, చీకటి, కొంత తేమ. కార్క్ ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టి ఉంచాలి. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ ఆపేసిన గదిలోని అల్మారా కూడా ముప్ఫై దాటుతుంది. అలాంటి వేసవి ఒక్కటి చాలు, వైన్ ఉడికిన పండు వాసన పట్టడానికి, కార్క్ పైకి జరిగి లోపలికి గాలి పోవడానికి. వంటింటి ఫ్రిజ్ కొన్ని నెలలకు పనికొస్తుంది కానీ ఏళ్ళ తరబడి దాచడానికి మరీ చల్లన, మరీ పొడి. వైన్ కోసమే చేసిన చిన్న ఫ్రిజ్, దానికి ఇన్వర్టర్ కరెంటు ఉంటేనే దాచండి. బెంగళూరులోనో విదేశంలోనో నమ్మకమైన నిల్వ ఉన్న స్నేహితులుంటే వారి దగ్గర ఉంచడం కూడా మంచిదే. వేసవిలో సీసాను కారు డిక్కీలో మాత్రం ఒక్క మధ్యాహ్నం కూడా వదలకండి.

ఇప్పుడే తాగాలనుకుంటే భయపడనక్కరలేదు. లేత బరోలో పాడైన వైన్ కాదు, బిగుసుకున్న వైన్ మాత్రమే. భోజనానికి మూడు నాలుగు గంటల ముందు వెడల్పాటి గాజు పాత్రలోకి ఒంపి గాలి తగలనివ్వండి. మన గది వేడిమిలో కాకుండా 17, 18 డిగ్రీల దగ్గర ఉండేలా, పోసే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. దానితో కొవ్వూ ప్రోటీనూ ఉన్న తిండి తినాలి, ఎందుకంటే టానిన్లు వాటిని పట్టుకుంటే నోటి వగరు తగ్గుతుంది. పీడ్మాంట్‌లో దీనికి గొడ్డుమాంసాన్ని బరోలోలోనే గంటల పాటు ఉడికించిన ‘బ్రసాతో’ అనే వంటకం, లేదా గుడ్డు పచ్చసొనతో చేసిన సన్నని తయారిన్ పాస్తా మీద నేలలో పెరిగే సువాసనగల తెల్ల ట్రఫుల్ అనే పుట్టగొడుగును తురిమి వడ్డిస్తారు. మన వంటల్లో కారం ఎక్కువైన వేపుళ్ళూ గోంగూర మాంసమూ దీనికి పడవు. మిరపకాయ మంట వగరునూ ఆల్కహాల్ ఘాటునూ రెండింటినీ పెంచుతుంది. మిరియాలు తక్కువగా వేసి, ఉల్లిపాయతో నెమ్మదిగా ఉడికించిన మేకమాంసం, ఎముకల మూలుగతో సహా, నేను ఇంట్లో చాలాసార్లు వండి పెట్టుకున్నాను, బాగా కుదిరింది. పాత సీసా అయితే గాజు పాత్రలో గంటల తరబడి ఉంచకూడదు. ముందురోజు నిలబెట్టి ఉంచి, మడ్డి కదలకుండా నెమ్మదిగా వేరే పాత్రలోకి ఒంపి, వెంటనే పోసుకోవడమే సరైనది.