హంద్రీ బురదలో లోహాల పరీక్ష

ప్రశ్న: హంద్రీ తుంగభద్రలో కలిసేచోట బురదలో సీసం, క్రోమియం ఉన్నాయో లేదో చూడాలి. మట్టి ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నీరు నెమ్మదించి, మెత్తటి ఒండ్రు పేరుకున్న చోటే తీయండి. లోహాలు సన్నటి రేణువులనే ఎక్కువగా పట్టుకుంటాయి. ఇసుక తీస్తే కాలుష్యం లేనట్టే కనిపిస్తుంది. ఇటీవలి మేటకు పైపొర 5 సెంటీమీటర్లు చాలు. ప్లాస్టిక్ గరిటె వాడండి. స్టీలు గరిటెలో క్రోమియం ఉంటుంది మరి! ఆరాక 63 మైక్రాన్ల నైలాన్ జల్లెడ పట్టాలి. ఇత్తడి జల్లెడైతే రాగి, జింకు కలుస్తాయి. పాదరసం కూడా చూడాలంటే వేడి ఓవెన్‌లో ఆరబెట్టొద్దు, ఆవిరైపోతుంది. పురుగుమందులకైతే గాజు సీసాలో విడిగా తీయాలి.

ముఖ్యంగా, కలయికకు ఎగువన రెండు నదుల్లోనూ నమూనాలు తీయండి. పోల్చడానికేమీ లేకుండా ఒక్క అంకెతో ఏమీ తేలదు.