అమ్మను ఇంటికి తెచ్చుకుంటున్న మేనల్లుడికి

నాయనా,

అమ్మను ఇంటికి తెచ్చేసుకుంటున్నామని నువ్వు ఫోన్‌లో చెప్తుంటే నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఆఖరి రోజులు ఇంట్లోనే గడవాలని వదిన కోరుకున్నదే చేస్తున్నావు, ఆ విషయంలో అనుమానం పెట్టుకోకు. కానీ ఇంటికి తీసుకురావడం వేరు, ఇంట్లో బాగా చూసుకోవడం వేరు. మీ మామయ్య చివరి రోజుల్లో నాకు ఈ తేడా తెలియలేదు. సొంత మంచం, కళ్ళెదుట సొంత మనుషులు ఉంటే చాలనుకున్నాను. పగలంతా బాగానే గడిచేది. రాత్రి రెండింటికి నొప్పి లేచేది. ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసేది కాదు. ఇంటికి పంపించేటప్పుడు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఆ రాత్రులు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే, డిశ్చార్జ్ అవ్వకముందే డాక్టర్ దగ్గర కూర్చుని రాత్రి సంగతే అడుగు. నొప్పి పెరిగితే ఏం ఇవ్వాలి, ఎంత, మళ్ళీ ఎంతసేపటికి? ఆయాసం వస్తే? వాంతులైతే? మనిషి కలవరపడి మంచం దిగిపోబోతే? మాత్ర మింగలేని రోజు వస్తే అదే మందు ఇంకే రూపంలో ఇవ్వొచ్చు? చర్మం కింద సన్నటి సూదితో ఇచ్చే పద్ధతి ఉంది, అది పెట్టే నర్సు ఎవరో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. ఆ మందులన్నీ అవసరం రాకముందే ఇంట్లో ఉండాలి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించు. ఈ సమాధానాలన్నీ చేతిలో ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ పేరు వినగానే మీ అక్క భయపడిందన్నావు. నేనూ అలాగే భయపడ్డాను. అలవాటైపోతుందేమో, మనిషి మత్తులోకి జారిపోతాడేమో అని మీ మామయ్య ఇక ఓర్చుకోలేక మూలిగేదాకా మందు దాచి ఉంచేదాన్ని. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. నొప్పి ముదిరాక దాన్ని లొంగదీయడానికి ఎక్కువ మందు, ఎక్కువ సమయం పడుతుంది. సిసిలీ సాండర్స్ అని లండన్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది. మొదట నర్సు, తర్వాత సోషల్ వర్కర్, ఆ తర్వాతే డాక్టర్ అయింది. 1967లో చివరి దశలో ఉన్నవాళ్ళను చూసుకోవడానికి సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు మందు ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టి చూపించింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పి గురించి చెప్పినదీ ఇదే: వీలైనంతవరకు నోటి ద్వారా, గడియారం చూసి. కాబట్టి నొప్పి లేదు కదా అని వదిన డోసు ఎగ్గొట్టకు. నొప్పి లేనిది ఆ డోసు వల్లే. మధ్యలో లేచే నొప్పికి డాక్టర్ విడిగా రాసిన అదనపు డోసు ఉంటుంది, అది ఇవ్వడానికి వెనకాడకు. కానీ నీ అంతట నువ్వు మోతాదు పెంచకు.

దీనితో పాటు రెండు సంగతులు. మొదట్లో కాస్త మగత, వికారం ఉంటే చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకో. చేతులు, కాళ్ళు ఉలిక్కిపడ్డట్టు కదులుతున్నా, లేపినా లేవనంత మగతగా ఉన్నా వెంటనే డాక్టర్‌కి చెప్పు. మూత్రపిండాలు నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుపోతుంది.

ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ మందు, ఎన్నింటికి, ఎవరిచ్చారు, అరగంట తర్వాత ఎలా ఉంది, అంతే. ఇద్దరు ముగ్గురు వంతులు మారే ఇంట్లో "నువ్వు ఇచ్చావనుకున్నాను" అన్న మాట రాకూడదు. నొప్పి ఎంతని అడిగితే వదిన "పర్లేదురా" అనే అంటుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు. నుదురు చూడు. పక్కకు తిప్పేటప్పుడు కనుబొమ్మలు ముడిపడితే నొప్పి ఉన్నట్టే. అలాంటప్పుడు ఒళ్ళు తుడవడానికి ముందే అదనపు డోసు ఇవ్వొచ్చా అని డాక్టర్‌ని అడుగు.

తిండి దగ్గర నీకు మనసు చాలా కష్టపడుతుంది. ఆయన పెదవులు బిగించుకుంటే నేను చెంచాతో తెరవబోయేదాన్ని. తినకపోవడం వల్ల పోతున్నారనుకున్నాను. కాదు నాయనా, ఒళ్ళు పనులు ముగించుకుంటోంది కనుకే తిండి అక్కర్లేకుండా పోతుంది. అడిగితే పెట్టు, అడిగినంతే పెట్టు. బలవంతం చేస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కానీ నోరు మాత్రం వదిలేయకు. నోటితో ఊపిరి తీసేవాళ్ళకు నాలుక అట్టకడుతుంది, పెదవులు పగులుతాయి. మెత్తటి గుడ్డ ముక్కను నీళ్ళలో తడిపి, బాగా పిండి, ముందు పెదవులు, తర్వాత చెంపల లోపల, ఆఖరున నాలుక మీద మెల్లగా తుడువు. మెలకువగా ఉంటే గంటకోసారి చేసినా ఎక్కువ కాదు. తర్వాత పెదవులకు పల్చగా లేపనం రాయి. మీ మామయ్య చివరి రెండు రోజుల్లో దేనికీ కళ్ళు తెరవలేదు, ఆ తడి గుడ్డను మాత్రం పెదవులతో పట్టుకునేవారు.

పక్క మార్చడం ఇద్దరు కలిసి చేయండి. నడుం కింద మడతపెట్టిన దుప్పటి వేసి దాన్ని పట్టి జరపాలి, ఒంటిని ఈడ్చకూడదు. రెండు మూడు గంటలకోసారి కొద్దిగా ఒరిగించి వెనక దిండు పెట్టు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద మరో దిండు. ఎర్రబడిన చోట రుద్దకు. ఆయాసానికి తల వైపు ఎత్తు చేసి, చిన్న ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా పెట్టి చూడు, అది ఇచ్చే ఉపశమనం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

చివరి రోజుల్లో ఊపిరి తీరు మారుతుంది. గబగబా తీసి, ఆగి, నువ్వు లెక్కపెట్టేంతసేపు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. వినేవాళ్ళకు భయంగా ఉంటుంది కానీ అప్పటికి మగతలో ఉన్న మనిషికి అంత బాధ ఉండదంటారు. పక్కకు ఒరిగించు, చాలాసార్లు తగ్గుతుంది. పాదాలు చల్లబడతాయి, మోకాళ్ళు మచ్చలు మచ్చలుగా నీలమెక్కుతాయి. ఇది వస్తుందని ఇంట్లో అందరికీ ముందే చెప్పు. చెప్పకపోతే ఎవరో ఒకరు కంగారుపడి అంబులెన్స్ పిలుస్తారు, వాళ్ళు వచ్చి గుండెను మళ్ళీ కొట్టించాలని ఛాతీ నొక్కుతారు. అది వద్దనేది వదిన కోరికైతే, ఆవిడ మాట్లాడగలిగినప్పుడే డాక్టర్ ముందు చెప్పించి రాయించు. నీకు ఇది అడగాలంటే నోరు రాదు. "అమ్మా, నీకు ఏం కావాలి, ఏం వద్దు?" అని అడుగు చాలు, మిగతాది ఆవిడే చెప్తుంది. ఎవరితోనైనా మాట్లాడాలనుందా అని కూడా అడుగు. మగతలో ఉన్నా నీ గొంతు వినిపిస్తుందనుకునే మాట్లాడు.

ప్రాణం పోయాక తొందరపడాల్సిన పని లేదు. కాసేపు పక్కన కూర్చోండి. తర్వాత డాక్టర్‌కి ఫోన్ చేస్తే మరణాన్ని నిర్ధారించి కాగితం ఇస్తారు. ఎవరిని పిలవాలో అదీ ముందే అడిగి పెట్టుకో.

నువ్వొక్కడివే అన్ని రాత్రులూ మేలుకుంటానంటే నేను ఒప్పుకోను. నిద్రలేని చేతులతో మందు తప్పు పోస్తావు. శనివారం పొద్దున్నే బయల్దేరి వస్తున్నాను. ఆ రాత్రి, మర్నాటి రాత్రి వదిన దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకో. ఆ నోట్‌బుక్ మంచం పక్కనే ఉంచు, రాగానే చూస్తాను.

మీ అత్త