కంటి ఫొటోలో గుండె జబ్బు: ఆ చదువును నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. కంటి ఫొటోలతో గుండె, మెదడు జబ్బులను పసిగట్టే పరిశోధన చేస్తానంటూ ఆప్టోమెట్రీ (చూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు సూచించే చదువు) అడుగుతోంది. లాంగ్‌టర్మ్ కోచింగ్ మేలా, ఇది మేలా?

జవాబు: అమ్మాయి ఆసక్తి గాలివాటుది కాదు. కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగల చోటు కంటి లోపల వెనకవైపు ఉండే పొర, రెటీనా. పిండదశలో అది మెదడు నుంచే ఏర్పడుతుంది. బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే అక్కడి ధమనులు సన్నబడతాయి, ధమని దాటే చోట సిర నొక్కుకుపోయినట్లు కనిపిస్తుంది. కంటి వైద్యులకు ఇది పాత సంగతే. 2018లో గూగుల్ పరిశోధకులు రెండున్నర లక్షల మందికి పైగా రోగుల సమాచారంతో తయారుచేసిన ప్రోగ్రాం, రెటీనా ఫొటోను చూసి వయసును సగటున మూడేళ్ల పైచిలుకు తేడాతో చెప్పడంతో దీనికి మోజు పెరిగింది.

నా అనుమానమూ అక్కడే ఉంది. గుండె జబ్బు ముప్పును అంచనా వేయడంలో ఆ ప్రోగ్రాం, వయసు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు చూసి లెక్కగట్టే పాత పద్ధతికి ఇంచుమించు సమంగా నిలిచిందే తప్ప దాన్ని మించలేదు. వయసే పెద్ద ముప్పు కాబట్టి, ఆ యంత్రం గుండె జాడను చూసిందా, వయసును మాత్రమే చూసిందా అని అడగక తప్పదు. మెదడు సంగతి మరీ చిక్కు: రెటీనా పొరలను విడివిడిగా చూపే ఓసీటీ స్కాన్‌లో నాడీతంతువుల పొర పలచబడటానికీ, మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కూ సంబంధం కనబడుతోంది గానీ, కంటి నరం దెబ్బతినే గ్లకోమాలోనూ అదే పొర పలచబడుతుంది. అందుకే పేరులో ‘ఏఐ’ చేర్చి ఫీజు పెంచిన కోర్సులంటే నాకు గురి లేదు. ముందు కన్ను తెలియాలి, ఆపైన స్టాటిస్టిక్స్ రావాలి. బైపీసీ పిల్లలు జంకేది ఈ రెండోదానికే.

ఇక మీ సంగతి. డాక్టరు కాకపోతే బంధువులకు ఏం చెప్పుకోవాలన్న బెంగ మీది. దాన్ని అమ్మాయి నెత్తిన రుద్దకండి. సీటు కొద్దిలో తప్పి, తనే మళ్లీ రాస్తానంటే ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ సబబే. మీ పట్టుదల కోసమైతే మాత్రం వద్దు.

ఆప్టోమెట్రీ కొన్నేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపరేషన్లు చేసే డాక్టరు కాదు. కానీ చూపు పరీక్షకూ, కాంటాక్ట్ లెన్సులకూ మనుషులు ఎప్పుడూ కావాలి, పరిశోధన కుదరకపోయినా బతుకుతెరువుకు లోటుండదు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దారి తర్వాతా తెరిచే ఉంటుంది. ఫీజు కట్టేముందు కాలేజీకి వెళ్లి, వారి ఓసీటీ యంత్రాన్ని చూపమనండి. శుక్లం ఉన్న కంటి ఫొటో మసకగా వస్తే దాన్ని పక్కన పెట్టాలో, మళ్లీ తీయాలో తేల్చే పని విద్యార్థులతో చేయిస్తారో లేదో అక్కడి మూడో ఏడాది పిల్లలనే అడగండి.