ఫౌండేషన్ రబ్బర్లు మార్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి, కావలి నుంచి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న అంబాసిడర్ కారు గురించి నిన్న నువ్వు చెప్పినదంతా రాత్రి పడుకునేదాకా తలలో తిరుగుతూనే ఉంది. ఇలాంటివి ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. పని మొదలుపెట్టే రోజు కాగితం దగ్గర పెట్టుకో.

ఐడిలింగులో, అంటే బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు, స్టీరింగ్ వణుకుతోంది, క్లచ్ వదలగానే కింద ధడ్‌మంటోంది, రెండో గేరు జారిపోతోంది అన్నావు. కార్బొరేటర్ ఇప్పటికే రెండుసార్లు విప్పించావు, ఇక దాన్ని ముట్టుకోకు. మీ నాన్న అంబాసిడర్ మార్క్ 2లో గేరు స్టీరింగు పక్కనే కదా. ఆ గేరు రాడ్లు ఒక కొస బాడీకి, ఇంకో కొస గేర్‌బాక్సుకి. ఇంజన్ తన చోట నిలవకపోతే రాడ్ల కొలత తప్పి గేరు జారుతుంది. నా అనుమానం ఫౌండేషన్ రబ్బర్ల మీదే, అంటే ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ మోసే రబ్బరు దిమ్మెల మీద.

ముందు చూసుకో. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఎవరినైనా ఒక్కసారి గట్టిగా రేస్ ఇవ్వమను. నువ్వు పక్కన నిలబడు, బండి ముందు మాత్రం వద్దు. ఇంజన్ కొంచెం ఒరిగి వెనక్కి వస్తే మంచిదే. ఎగిరి పడినట్టుంటే రబ్బరు పోయింది. తర్వాత ఇంజన్ ఆపి టార్చి లైటు వేసి చూడు. రబ్బరుకీ ఇనుప ప్లేటుకీ మధ్య వేలిగోరు దూరేంత సందు కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

మీ మార్క్ 2 తర్వాతి మోడల్ మార్క్ 3 వచ్చింది 1975లో. అంటే మీ బండి వయసు యాభైకి తక్కువ కాదు. షెడ్డులో ఊరికే ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. రోహిణీ కార్తెకి రోళ్లు పగిలే మన ఎండల్లో, రేకుల కింద, ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ఆయిల్ తగిలితే దీనికి పూర్తిగా వ్యతిరేకం, పాకం బెల్లంలా మెత్తబడి ఉబ్బుతుంది. అందుకే ఇంజన్ పక్కనున్న టాపెట్ మూతల ప్యాకింగ్, అంటే ఆయిల్ కారకుండా మూత కింద వేసే పొర, ముందు మార్చు. కారే ఆయిల్ ఆపకుండా కొత్త రబ్బరు వేస్తే డబ్బు నేల పాలే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. మెకానిక్ షాపు పెట్టిన కొత్తలో ఒక అంబాసిడర్ వచ్చింది, రబ్బరు ఎక్కడా దొరకలేదు. లారీ టైరు ముక్క కోసి, చిల్లులు పెట్టి బిగించాను. గట్టిగా ఉంది కదా అని సంతోషించాను. ఆ బండి తిరుపతి వెళ్లి వచ్చేసరికి సైలెన్సర్ పైపు ఇంజన్ దగ్గర జాయింటులో పగిలింది. ఆ ఇంట్లో పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. వణుకుని రబ్బరు తనలో దాచుకోవాలి. దాచుకోకపోతే అది బండిలో ఎక్కడో ఒకచోట పగుల్చుకుని బయటికి వస్తుంది. కాబట్టి ఎవరైనా గట్టి రబ్బరు మేలంటే వినకు. పాత స్టాకు డబ్బాలో కొత్తగా మెరుస్తున్నా గోరుతో నొక్కి చూడు, బిరుసుగా ఉంటే వదిలెయ్. ముందు రెండూ, గేర్‌బాక్స్ కిందిదీ కలిపే మార్చు.

పని చేసేటప్పుడు ముందు బ్యాటరీ వైరు తియ్. రేడియేటర్ పైపులు, సైలెన్సర్ క్లాంపు, యాక్సిలేటర్ రాడ్ వదులు చెయ్, లేకపోతే ఇంజన్ లేచేటప్పుడు అవే విరుగుతాయి. జాకీని ఇంజన్ అడుగునున్న ఆయిల్ చాంబర్‌కి నేరుగా పెట్టకు, రేకు సొట్టపడుతుంది. వెడల్పాటి చెక్క వేసి ఎత్తు. అర అంగుళం చాలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు నాయనా, కింద ఇంకో చెక్క దిమ్మె ఉండాలి. ఈ బండికి అంగుళం కొలతల పానాలే వాడు. అర అంగుళం నట్టుకి 13 మిల్లీమీటర్ల పానా పట్టినట్టే ఉంటుంది కానీ మూలలు అరగదీస్తుంది.

కొత్త రబ్బర్లు పెట్టాక నట్లన్నీ చేత్తోనే ఎక్కించు, అప్పుడే బిగించకు. జాకీ దించి ఇంజన్ బరువంతా రబ్బర్ల మీద పడనివ్వు. రెండు చేతులతో ఇంజన్ని అటూ ఇటూ ఊపు, అది కుదురుకుంటుంది. అప్పుడు బిగించు. ఎత్తి ఉండగా బిగిస్తే రబ్బరు మెలికపడి ఉండిపోతుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. ఇది చాలామంది చెయ్యరు, నువ్వు మాత్రం మర్చిపోకు.

ఇంకొకటి, ఎర్త్ వైరు. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి ఇంజన్నీ బాడీనీ కలిపే అల్లిక వైరు ఉంటుంది. అది తుప్పుపట్టినా, తిరిగి బిగించడం మర్చిపోయినా సెల్ఫ్ కొట్టగానే ఆ కరెంటంతా బాడీ నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే చోక్ కేబుల్‌లోంచి దారి వెతుక్కుంటుంది. ఒకసారి కేబుల్ పొగలు రావడం నా కళ్లతో చూశాను. రెండు కొసలూ గీకి మెరిపించి బిగించు.

అయ్యాక మొదటి ప్రయాణం ఒంగోలు నుంచి కావలికే పెట్టుకో, మెల్లగా రా. ఉలవపాడు దాటాక నీడ చూసి ఆపి, పైపులు ఎక్కడైనా బాడీకి తగులుతున్నాయేమో చూడు. నట్లు వేడి మీద ముట్టుకోకు. ఇక్కడికి వచ్చాక బండి ఒక రాత్రి చల్లారనిచ్చి, తెల్లారి ఇద్దరం కలిసి ఇంకోసారి బిగిద్దాం.

మీ మామయ్య