రెండు నెలలు మాత్ర వేసుకున్నా గుండెల్లో మంట తగ్గలేదంటే

“రెండు నెలలుగా రోజూ ఒమెప్రజోల్ 20 మి.గ్రా. వేసుకుంటున్నా మంట, పుల్లటి తేన్పులు పోలేదు. ఎండోస్కోపీ చేయించుకోవాలా?” అని అడిగారు. ఏ పూట, తినడానికి ఎంతసేపటి ముందు వేసుకుంటున్నారో మాత్రం రాయలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

ఒమెప్రజోల్ యాంటాసిడ్‌లా కడుపులో ఉన్న ఆమ్లాన్ని విరిచే మందు కాదు. పేగులో కరిగి, రక్తంలో కలిసి, కడుపు గోడలో ఆమ్లం వదిలే పంపుల్ని మూసేస్తుంది. అదీ ఆ వేళకు పనిచేస్తున్న పంపుల్నే. వాటిని లేపేది తిండి. మందేమో అరగంట, గంటలో రక్తంలో సగానికి పడిపోతుంది. అందుకే ఏడింటికి మాత్ర వేసుకుంటే ఏడున్నర, ఎనిమిది మధ్య తినాలి. తిన్నాక వేసుకుంటే మాత్ర ఆహారంతో పాటు కడుపులోనే ఆగుతుంది, పేగు చేరేసరికి అదను దాటిపోతుంది. పడుకోబోయే ముందు వేసుకున్నా దండగే. ఇక పరగడుపున మింగి పదకొండింటిదాకా ఏమీ తినని వాళ్లున్నారు. డాక్టరు చెప్పినదాంట్లో సగమే విన్నవాళ్లు. క్యాప్సూల్‌లోని గుళికల్ని నమిలినా, నూరినా పైపూత పోయి మందు ఆమ్లంలోనే పాడవుతుంది. పూర్తి ప్రభావానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కాబట్టి, మంట వచ్చిన రోజే ఒకటి వేసుకుని తేల్చేయడం కుదరదు.

దీన్ని ‘గ్యాస్ మాత్ర’ అనడమే సగం అనర్థం. గ్యాస్‌కీ దీనికీ సంబంధం లేదు, ఉబ్బరానికి వాడితే తగ్గదు. వాంతులు ఆపే డోమ్‌పెరిడోన్ కలిపిన క్యాప్సూల్ అలవాటుగా రాసేయడం ఇంకో జాడ్యం. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని 2014లోనే యూరప్‌లో డోమ్‌పెరిడోన్‌ను వికారం, వాంతులకే, మామూలుగా వారం లోపే అని కట్టడి చేశారు.

మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఎండోస్కోపీయే. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చే ఛాతీ నొప్పికి ముందు గుండె పరీక్ష.

అవేవీ లేకపోతే సరైన వేళకు ఎనిమిది వారాలు వాడి చూడండి. కొంతే తగ్గితే డాక్టరు రాత్రి భోజనానికి ముందు కూడా ఒకటి కలపవచ్చు. మీ మిగతా మందుల చీటీ కూడా ఆయనకు చూపించండి: ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందులు అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తాయి, యాంటీబయాటిక్ అయిన డాక్సీసైక్లిన్ మాత్ర నీళ్లు చాలక అన్నవాహికలో అతుక్కుంటే అదీ మంటే. మంచం తలవైపు కోళ్ల కింద 15–20 సెం.మీ. దిమ్మెలు పెట్టండి. దిండు మీద దిండు వేస్తే నడుం దగ్గర ఒంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, అంతకన్నా ఏమీ లేకపోవడమే నయం. ఎడమవైపు తిరిగి పడుకోండి, రాత్రి తిన్నాక మూడు గంటలు ఒరగకండి.

అప్పటికీ తగ్గకపోతే ఎండోస్కోపీ సబబే. వీలైతే రెండు నుంచి నాలుగు వారాల ముందు మాత్ర ఆపించి చేస్తారు, లేకపోతే ఉన్న పుండ్లు మాని అంతా మామూలుగా కనిపిస్తుంది. ఆపగానే ఆమ్లం కొన్నాళ్లు ఎగదన్నుతుంది. అది జబ్బు ముదిరిందని కాదు. కడుపులో తెట్టులా తేలి ఆమ్లం పైకి రాకుండా ఆపే ఆల్జినేట్ సిరప్ భోజనం తర్వాత, పడుకునే ముందు తాగుతూ గట్టెక్కవచ్చు.